గోడ మీద కత్తెర చప్పుడు

మిషనక్క కుట్టుమిషను పెడలు మీద కాలు వేసినప్పుడల్లా పక్కింట్లో పసివాడి పెట్టె కూస్తోందని ముందు కనిపెట్టింది ఆమె కాదు, ఆమె మొగుడు. బరువులెత్తే పనిలో నడుం పోగొట్టుకుని ఇంటిపట్టున పడ్డాక, భార్య కుట్టిన చొక్కాలకు ఇస్త్రీ చెయ్యడం, గుండీలు కుట్టడం, మడతపెట్టి కట్టలు కట్టడం అతని వంతు. ఇస్త్రీ బల్ల మధ్యగోడకు ఆనుకుని ఉంటుంది. గోడ అనడం మర్యాదకే. ఒక ఇంటికి రెండు అద్దెలు రావాలని ఇంటాయన ఇటుకలు నిలువుగా పేర్చి కట్టించిన అడ్డం అది. అవతల ఎవరైనా దగ్గితే ఇవతలివాళ్ళకి మంచినీళ్ళు అందించబుద్ధవుతుంది.

“ఒకసారి ఆపు,” అన్నాడతను ఇస్త్రీపెట్టె నిలబెట్టి.

“కాలరు మధ్యలో ఉంది.”

“ఉండనీ. ఆపు.”

ఆపింది. గోడ అవతల కీచుమని మోగుతున్నది కాసేపటికి ఆగింది.

“ఇప్పుడు తొక్కు.”

తొక్కింది. కుట్టు కాలరు చివరిదాకా వెళ్ళకముందే అవతల మళ్ళీ మొదలైంది. దాని వెంటే పరిగెత్తే కాళ్ళ చప్పుడూ, “నాన్నా, లే నాన్నా” అని కంగారుపడే ఆడగొంతూ వినిపించాయి.

“బాగుంది సంబడం. నువ్విక్కడ తాళం వేస్తే అక్కడ పాట ఎత్తుకుంటోంది,” అని నవ్వబోయిన మనిషి, భార్య మొహం చూసి నవ్వు మింగేశాడు.

పక్కింటి పసివాడు నెలలు నిండకుండా పుట్టాడు. పిడికెడు మనిషి. నిద్రలో ఊపిరి తీసుకోవడం మర్చిపోతుంటాడని ఆస్పత్రివాళ్ళు ఒక పెట్టె ఇచ్చి ఇంటికి పంపారు. రొమ్ము మీద రెండు బిళ్ళలు అంటించి, వాటి నుంచి సన్నటి తీగలు పెట్టెలోకి పెడతారు. ఊపిరి ఆగితే పెట్టె కూస్తుంది. అప్పుడు తల్లి పరిగెత్తి వాడి అరికాలు మీద వేలితో కొడితే, వాడికి గుర్తొచ్చి ఊపిరి అందుకుంటాడు. “మర్చిపోతాడక్కా. మనం గుర్తుచెయ్యాలి, అంతే,” అని చెప్పింది ఆ పిల్ల, వచ్చిన కొత్తలో. లారీ తోలే మొగుడు ఇంట్లో ఉండేది తక్కువ. ఈ మధ్య పెట్టె పొద్దస్తమానం కూస్తుండటంతో ఆమె కళ్ళు గుంటలు పడ్డాయి. ఇలాగే ఉంటే మళ్ళీ ఆస్పత్రిలో చేర్చమన్నారట.

మిషనక్క పాత మోటారు కాలిపోయి, కరెంటు తక్కువ తాగుతుందని చెబితే కొత్త రకం మోటారు బిగించుకుంది కూడా ఈ మధ్యే. లెక్క సరిపోయింది. సరిపోయిందని తెలిసీ ఆ రోజంతా ఆమె ఆ సంగతి కడుపులోనే పెట్టుకుంది. ఫ్యాక్టరీ చొక్కాల కాలర్లు శనివారానికి ఇవ్వాలి. ఇవ్వకపోతే బట్టలిచ్చే మేస్త్రి ఆ పని ఇంకో గుమ్మంలో పడేసి పోతాడు. సాయంత్రం దాకా కుడుతూనే ఉంది. పెట్టె కూసిన ప్రతిసారీ కాళ్ళ చప్పుడు విని తలొంచుకుంది. తనమీద తనకే అసహ్యం వేసింది, అయినా పెడలు మీద నుంచి కాలు తియ్యలేదు.

మర్నాడు పొద్దున్న పాల గిన్నె చేత్తో పట్టుకుని వెళ్ళి చెప్పేసింది. అమ్మాయి తిడుతుందనుకుంది. కానీ ఆమె నేలమీద చతికిలబడి, చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే.

“అయితే వీడికేం లేదన్నమాట. ఇన్నాళ్ళూ నీ మిషనా అక్కా? వీడు బాగానే ఉన్నాడన్నమాట.”

“అన్నీ మిషనువి కాకపోవచ్చే తల్లీ.”

“ఏమో. నాకు మాత్రం ఇవాళ అన్నం తినబుద్ధవుతోంది.”

*

ఆస్పత్రి పెట్టెలు బాగుచేసే రిపేరాయన ఎండన పడి వచ్చాడు. ముందు పక్కింట్లో కూర్చుని మిషనక్కని తొక్కమన్నాడు, తర్వాత ఇక్కడికొచ్చి మోటారు కింద తల దూర్చి చూశాడు. బట్టపీచు మూతినిండా అంటుకుని బయటికొచ్చాడు.

“మీ రెండిళ్ళకీ ఒకటే కరెంటు తీగ. మీ మోటారు ఆ తీగలోకి చెత్త వదులుతోంది. ఒకే కాలవలో పైనున్నవాళ్ళు బట్టలుతికితే కిందవాళ్ళకి మురికి రాదూ? అలాగ,” అన్నాడు.

“పెట్టెకి ప్లగ్గు తీసేసి బ్యాటరీ మీద పెడితే?” అని అడిగాడు ఆమె మొగుడు.

“పెట్టి చూశాగా. కొంచెం తగ్గింది, పోలేదు. మిగతాది గాల్లోంచి వస్తోంది. పిల్లాడి ఒంటిమీద తీగలున్నాయే, అవి రేడియో ఏరియల్‌లా పనిచేస్తాయి. వాడి ఊపిరి నుంచి వచ్చేది చీమంత సంకేతం. దాని పక్కన మోటారు రొద ఏనుగంత. పెట్టెకి ఊపిరి వినపడదు. వినపడకపోతే లేదనుకుంటుంది. లేదనుకుంటే కూస్తుంది. దాని తప్పేం లేదు పాపం.”

“మా మోటారు తప్పేనా?” అంది మిషనక్క.

అతను స్క్రూడ్రైవరు తీసి గోడలో ప్లగ్గు మూత విప్పాడు. లోపల రెండు తీగలే ఉన్నాయి. మూడో కన్నం వెనక ఏమీ లేదు, సాలెగూడు ఉంది.

“మోటారుకి వడపోత డబ్బా ఒకటి పెట్టొచ్చు. అది చెత్తని పడుతుంది. పట్టినదాన్ని ఎక్కడో పారబొయ్యాలి కదా, భూమిలోకి. మీకు ఎర్తు తీగే లేదు. గోడ కట్టినప్పుడు కోసేసి ఉంటారు. అది లేకుండా డబ్బా పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.”

ఇంటాయన వాకిట్లో కొత్తగా వేయించిన రాతిపలకల మీద నీళ్ళు కొట్టి తుడిపించుకుంటున్నాడు. రిపేరాయన చెప్పిందంతా మిషనక్క చెబితే చీపురు వైపు చూస్తూ విన్నాడు.

“మీ ఇంట్లో బల్బు వెలుగుతోందా?”

“వెలుగుతోందండీ.”

“ఫ్యాను తిరుగుతోందా?”

“తిరుగుతోంది.”

“ఇంకేం కావాలమ్మా? ఎర్తంటే గొయ్యి తవ్వాలి. గొయ్యంటే ఈ పలకలు పగలగొట్టాలి. నిన్నగాక మొన్న వేయించాను. వానలు పోయాక చూద్దాంలే. అంత సుకుమారం పెట్టె అయితే ఆస్పత్రిలోనే ఉంచుకోవాల్సింది.” అని, ఆమె చెప్పులు ఆనిన చోట మళ్ళీ నీళ్ళు కొట్టమన్నాడు పనామెని.

చేయగలిగింది రిపేరాయన చేశాడు. పసివాడి మంచాన్ని మధ్యగోడ దగ్గర్నుంచి ఎదుటి మూలకు జరిపించాడు. తీగ చుట్టగా పడి ఉంటే రొద ఎక్కువ పడుతుందని దాన్ని గది పొడుగునా సాగదీసి, పెట్టెను వంటింటి గుమ్మం పక్క అలమారలో పెట్టాడు. కూతలు సగానికి సగం తగ్గాయి. వెళ్ళేముందు తల్లికి మాత్రం గట్టిగా చెప్పాడు. “ఎప్పుడు కూసినా ముందు పిల్లాణ్ణి చూడండి. తర్వాతే పెట్టె దగ్గరికి వెళ్ళి మీట నొక్కండి. నొక్కాక అది కాసేపటిదాకా కూయదు, నిజంగా ఊపిరి ఆగినా. ఈ వరస తప్పకండి.”

మిగిలిన సగం కూతలకు ఉపాయం ఆ అమ్మాయే చెప్పింది. మిషను మొదలుపెట్టే ముందు గోడ మీద కొట్టాలి. ఆపాక మళ్ళీ కొట్టాలి. మధ్యలో కూసేదంతా మిషను ఖాతా. పిడికిలితో కొడితే చప్పుడు చాలలేదు. మిషనక్క పెద్ద కత్తెర పిడితో కొట్టడం మొదలుపెట్టింది. కొట్టగానే అవతల నుంచి “సరే అక్కా” అని వచ్చేది. అది విన్నాకే పెడలు తొక్కేది. బాగానే కుదిరింది. వీధిలో వాళ్ళు విని, వీళ్ళకి గోడ కూడా టెలిఫోనే అని వేళాకోళం చేశారు. కత్తెర తగిలిన చోట సున్నం రాలి చిన్న గుంటలు పడ్డాయి.

మొదట్లో పెట్టె కూస్తే కాళ్ళ చప్పుడు వినిపించేది. గదిలో మూలదాకా వెళ్ళి, పిల్లాడితో ఒక ముద్దుమాట చెప్పి, వెనక్కొచ్చి మీట నొక్కేది. తర్వాత్తర్వాత ముద్దుమాట పోయింది. ఆ తర్వాత కాళ్ళ చప్పుడు పోయింది. కూత, వెంటనే టిక్కుమని మీట. వంటింట్లోంచి చెయ్యి చాపితే అందే చోట ఉంది కదా పెట్టె. మిషనక్క అది గమనించింది. చెబుదామా అనుకుంది కూడా. ఎన్నాళ్ళకో ఆ పిల్ల వంట చేసుకుంటూ కూనిరాగం తీస్తోంది. కన్నతల్లికి మనం నేర్పాలా అనుకుని, కాలరు తిప్పి కుట్టుకుంది.

*

ఆ మధ్యాహ్నం ఆమె మొగుడు చొక్కాల కట్ట భుజానేసుకుని మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు. ఇంకా మిగిలిన కాలర్లను ఆమె ముందేసుకుంది. మొదటిది మిషను పాదం కింద పెట్టి, కత్తెర తీసుకుని గోడ మీద కొట్టింది.

“సరే అక్కా,” అని వచ్చింది అవతల నుంచి. గిన్నెలు తోముతున్న చప్పుడు.

పెడలు మీద కాలు వెయ్యబోతూ చూస్తే సూదిలో దారం లేదు. ఇందాకటి కుట్టు చివర తెగి, కన్నంలోంచి జారిపోయింది. ముదురు నీలం దారం, సన్నటి సూది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, దారం కొసను పళ్ళతో కొరికి, నాలుక మీద తడిపింది. మొదటిసారి పక్కకు పోయింది.

అప్పుడు పెట్టె కూసింది.

‘నేనింకా తొక్కలేదే’ అనుకుంది. రెండు కాళ్ళూ నేలమీదే ఉన్నాయి. ఆ మాట ఆమె మనసులో ఒక మాటగానే ఉంది. అంతకుమించి దాని వెనక్కి ఆమె వెళ్ళలేదు. కూత సాగింది, టిక్కుమంది, ఆగింది. తల్లి చూసుకుందిలే అనుకుంది. దారం కొస మళ్ళీ తడిపి, మునివేళ్ళతో నులిమి, ఊపిరి బిగబట్టి కన్నంలోకి పంపింది. ఈసారి ఎక్కింది. కొసను మిషను పాదం కింద నుంచి వెనక్కి లాగింది. పెడలు మీదికి కాలు తెచ్చింది.

అక్కడ ఆమె కాలు ఆగిపోయింది. తల్లి చూసుకోలేదు. తను గోడ మీద కొట్టింది కాబట్టి, మిషనే అనుకుని మీట నొక్కింది.

స్టూలు వెనక్కి పడిపోయింది. కత్తెర అందుకుని గోడ మీద బాదింది, ఎడాపెడా, సున్నం మొహమ్మీద రాలుతుంటే. నోరు మాత్రం పెగల్లేదు.

“సరే అక్కా, విన్నాను,” అంది అవతలి గొంతు, నెమ్మదిగా.

కత్తెర పారేసి బయటికి పరిగెత్తింది. ఇల్లు రెండు చేసినప్పుడు అవతలి వాటాకి గుమ్మం వెనక సందులో పెట్టారు. వాకిలి దాటాలి, నీళ్ళ తొట్టి చుట్టూ తిరగాలి, సందులోకి మళ్ళాలి. కొత్త పలకల మీద కాలు జారి మోకాలు కొట్టుకుంది. ఒక గోడ అవతలికి వెళ్ళడానికి అంత దూరం. తలుపు తోసేసరికి అమ్మాయి గిన్నెల దగ్గర్నుంచి లేచి, చేతులు సబ్బునురగతో, ఏమైందన్నట్టు చూసింది.

“పిల్లాడు,” అంది మిషనక్క. “పిల్లాడు.”

ఇద్దరూ ఒకేసారి మూలకు చేరారు. తల్లి అరికాలు మీద వేలితో కొట్టింది. సబ్బునీళ్ళు వాడి కాలిమీద చిందాయి. మళ్ళీ కొట్టింది. వాడికి గుర్తురాలేదు. పెదాలు సీసంరంగులో ఉన్నాయి. మిషనక్క వాణ్ణి తీగలతో సహా ఎత్తి గుండెలకు అదుముకుని వీధిలోకి పరుగుతీసింది. వెనకాల పెట్టె అలమారలోంచి కిందపడి, అప్పుడు కూయడం మొదలుపెట్టి, వాళ్ళు ఆటో ఎక్కేదాకా కూస్తూనే ఉంది.

ఆస్పత్రిలో ఎక్కువసేపు ఉంచలేదు.

*

సాయంత్రం ఆమె మొగుడు ఇంటికొచ్చేసరికి సంగతి వీధి మొదట్లోనే చెవిన పడింది. మిషనావిడ మోటారు పిల్లాణ్ణి పొట్టన పెట్టుకుందని చెప్పారు. లోపలికొచ్చి దీపం వేశాడు. భార్య గోడకు జారబడి కూర్చునుంది. అతను పడిపోయిన స్టూలు నిలబెట్టి, అలవాటు కొద్దీ మిషను మీద పని ఎంతవరకూ వచ్చిందో చూశాడు. కాలరు పాదం కింద ఉంది. దారం కొస వెనక్కి లాగి ఉంది. కాలరు మీద ఒక్క కుట్టు లేదు.

“నువ్వసలు తొక్కనే లేదు,” అన్నాడు.

ఆమె చెంగుతో మొహమ్మీది సున్నం తుడుచుకుంది.

“తొక్కకుండా పెట్టె కూసిందంటే...” అని మొదలుపెట్టి, అతనూ గోడ పక్కన కూలబడ్డాడు.

మూడోనాడు ఇంటాయన గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు. మోటారు పెట్టుకోమని తను ఎప్పుడైనా చెప్పానా అని అడిగాడు. చెప్పలేదని ఆమె ఒప్పుకుంది. ఎర్తు మాట ఆయన ఎత్తలేదు, వీధిలో ఎవరూ ఎత్తలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఈలోగా మిషను తొక్కడానికి వీల్లేదని ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. మేస్త్రి మనిషిని పంపి, కత్తిరించిన బట్టంతా తిరిగి పట్టుకుపోయాడు.

“చెప్పేద్దాం,” అన్నాడు ఆమె మొగుడు, ఇంటాయన వెళ్ళాక. గొంతు బాగా తగ్గించాడు, ఆ గోడ సంగతి తెలుసు కనుక. “మోటారు అప్పుడు నడవనే లేదని చెప్పేద్దాం. కాలరు చూపిద్దాం. మన తప్పు లేదని తేలుతుంది. పని నిలబడుతుంది, ఇల్లు నిలబడుతుంది. నడుం లేనివాణ్ణి, నిన్నేసుకుని ఎక్కడికి పోను?”

“తేలితే మరి తప్పెవరిదవుతుంది?”

అతను గోడ వైపు చూశాడు.

“పిల్లాడు పిలిచాడు. తల్లే మీట నొక్కి నోరు మూయించింది. ఆ చేత్తోనే కదండీ రేపణ్ణుంచి అది అన్నం కలుపుకోవాలి,” అంది. “నేను మాత్రం? కూత విని కూడా దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. లేస్తే అందేవాడేమో. ఎవరికీ చెప్పకండి. నామీద ఒట్టు,” అంది.

కాలరు పాదం కింద నుంచి తీసి, మేస్త్రి మనిషి మర్చిపోయిన ఆ ఒక్క ముక్కనూ నాలుగు మడతలు చేసి పొయ్యిలో పెట్టింది.

అవతల నుంచి ఏ చప్పుడూ లేదు. లారీ ఆయన వచ్చాడు. వచ్చినవాళ్ళ మాటలు, కుర్చీల రాపిడి వినిపించాయి. ఆ అమ్మాయి గొంతు మాత్రం వినిపించలేదు. ఏడవటం లేదట. ముద్ద నోట్లో పెడితే అలాగే పెట్టుకుని కూర్చుంటోందట. చేతులు అస్తమానం ఒళ్ళో దాచుకుంటోందని, కుళాయి దగ్గర ఎవరో చెప్పారు.

మిషను కొనుక్కునే మనిషి బండి తెచ్చే రోజున ఆ అమ్మాయి వచ్చింది. సందులోంచి చుట్టూ తిరిగి, గోడలు పట్టుకుంటూ వచ్చింది. గుమ్మంలో నిలబడి గదంతా చూసింది. మిషనును, దాని కింద మోటారును, ఇస్త్రీ బల్లను చూసింది. గోడ దగ్గరికెళ్ళి సున్నం రాలిన గుంటల మీద వేలు పెట్టింది.

“ఇక్కడేనా అక్కా కొట్టేదానివి?”

“ఇక్కడే.”

“ఒకటడుగుతాను. నిజం చెప్పు. ఆవేళ నువ్వెందుకు పరిగెత్తుకొచ్చావు?”

ఇస్త్రీ బల్ల దగ్గర ఆమె మొగుడు చేతిలో బట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. మిషనక్క అతని వైపు చూడలేదు. ఒక్క మాట చెబితే మిషను మిగులుతుందని ఆమెకు తెలుసు. బండి ఇంకా రాలేదు.

“కుడుతున్నానమ్మా. చాలాసేపు కుట్టాను. ఆపాక అటు నుంచి పిల్లాడి అలికిడి లేదనిపించింది. భయమేసి వచ్చాను.”

“కుడుతున్నావా? నేను మీట నొక్కినప్పుడు మిషను నడుస్తోందా?”

“నడుస్తోంది.”

“నాకు చప్పుడు గుర్తులేదక్కా. ఎంత గుర్తుచేసుకున్నా మిషను చప్పుడు గుర్తురావటం లేదు. గిన్నెల చప్పుడే గుర్తొస్తోంది.”

“నీళ్ళు పడుతుంటే ఏం వినపడుతుంది? నడుస్తోందమ్మా. ఆ కూత మిషనుదే.”

అమ్మాయి తన కుడిచేతి బొటనవేలిని చూసుకుంది. తర్వాత మిషనక్కను చూసింది. ఆ చూపు మారడం మిషనక్కకు తెలిసింది. ఎవరో పొయ్యి రాజేసినట్టు కళ్ళల్లో కొంచెం కొంచెంగా కోపం వచ్చింది.

“అయితే వాడు పిలవలేదు. వాడి ఊపిరి ఎప్పుడు ఆగిందో పెట్టెకే తెలీకుండా చేసింది నీ మిషను.”

“అవును.”

“నాలుగు కాలర్ల కోసం.”

“అవునమ్మా.”

“నీ మొహం మళ్ళీ నాకు చూపించకు. చచ్చినా చూపించకు.”

“సరే తల్లీ.”

ఆమె వెళ్ళిపోయింది. ఈసారి గోడలు పట్టుకోలేదు. వాకిలి దాటి, నీళ్ళ తొట్టి చుట్టూ తిరిగి, సందులోకి మళ్ళి, తలుపు తెరుచుకున్న చప్పుడయ్యేదాకా మొగుడూ పెళ్ళాం కదల్లేదు. అప్పుడు గోడ అవతల నుంచి ఏడుపు వినిపించింది. ముందు సన్నగా, తర్వాత గొంతు చించుకుని, మధ్యమధ్య మిషనక్కను తిడుతూ, పిల్లాణ్ణి పిలుస్తూ ఏడ్చింది. పిల్లాడు పోయాక ఆమె ఏడవటం అదే మొదలు.

బయట బండి వచ్చి ఆగింది. మొగుడు పానా తీసుకుని వంగితే నడుం పట్టేసింది. మిషనక్క దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, కింద కూర్చుని, ఆ ఏడుపు వింటూ, మోటారు బోల్టులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.